నీళ్ల పిలుపు

రాయకుంట, బోధన్ తాలూకా
6 ఫిబ్రవరి 1966

మా పెద్దక్క రేణుకమ్మకు సిద్దిరాములు వంగి దండం పెట్టి సెప్పేది. ఇక్కడ నేను, వసంత, ఎడ్లు, సెరుకు, అందరం మంచిగున్నం. నిజామాబాద్‌ల నువ్వు, బావ మంచిగుండాలె. బావ దగ్గు తగ్గిందా? గంజ్‌ల పొద్దంత పసుపు దుమ్ము మింగితే దగ్గు ఎట్ల పోతది? మూతికి రుమాలు కట్టుకొమ్మను.

అక్కా, ఒక ముచ్చట. నవ్వకు, తిట్టకు. తుపాకి తెచ్చిన. దొంగది కాదు, లైసెన్సుది. కచేరి సుట్టు తిరిగి తిరిగి సెప్పులరిగినయి, ఆఖరుకు కాయితం సేతికొచ్చింది. అండ్ల ‘పంట కాపలాకు, అడవి పందుల కోసం’ అని రాసి ఉన్నది. పందుల ముచ్చట సుత అబద్ధం కాదు. నిరుడు సెరుకుల సొచ్చి సగం మడి దొర్లిచ్చి పోయినయి.

గాని నీ కాడ దాసుడెందుకు? పోయిన ఎండకాలం నీళ్ల వంతు కాడ మన పెద్దబాపు కొడుకు రాజలింగుతోని లొల్లి అయింది, నా నెత్తి పగిలింది, నువ్వు మర్సిపోయినవా? బోధన్ దవాఖానల నువ్వే కదా నా పక్కపొంటి కూసున్నవు. రాజలింగు ఏమన్నడు? ‘నేను కొట్టలే సిద్దన్నా, మా తమ్ముడు భీమన్న కొట్టిండు, పోరడు, తెల్వక కొట్టిండు’ అన్నడు. పెండ్లాం పిల్లలున్నోడు పోరడట! నవ్వాల్నా ఏడ్వాల్నా?

ఇగ ఇప్పుడు నువ్వొచ్చి సూడాలె. పొద్దుగాల సేనుకు పోతే భుజానికి ఏసుకొనే పోతున్న. దాసుకునేటోడు దొంగ, నేను పది మంది ముంగట ఏసుకుంటున్న. సాయ హోటల్ కాడికి పోతే బెంచి మొత్తం నాకే ఇడిసిపెడుతుండ్రు. భీమన్న నన్ను సూసి తల దించుకొని పోయిండు. ఏడాది సంది పట్టని నిద్ర ఇప్పుడు పడుతున్నది అక్కా. గింత ఇనుప ముక్కకు గింత బలమున్నదని తెలిస్తే ఎప్పుడో తెస్తుంటి.

నీ తమ్ముడు
సిద్దిరాములు


నిజామాబాద్, గంజ్ ఎనక గల్లీ
15 ఫిబ్రవరి 1966

తమ్మీ సిద్దిరాములూ, నూరేండ్లు బతుకు. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిస్తే ఆయన దగ్గు మరిచి నోరు తెరిచి కూసున్నడు.

బెంచి ఖాళీ అయితుందని సంబురపడుతున్నవా? ఓరి పిచ్చోడా, రేపు నీకు సుఖమో దుఃఖమో వస్తే ఎవని పక్కన కూసుంటవు? తుపాకి పక్కనా? పందుల కోసమైతే సేన్ల మంచె మీద పెట్టుకో. సాయ తాగేకాడ పందులున్నయా?

నీ నెత్తి పగిలిన దినం నేను ఎట్ల ఏడ్చిన్నో నాకే తెలుసు. భీమన్నది తప్పే. వాణ్ని నేను ఇప్పటికీ ఇంట్లకు రానియ్య. గాని రాజలింగు వేరు. వాడు సుత నన్ను ‘అక్కా’ అంటనే పెరిగిండు.

మన బాపు, పెద్దబాపు ఎట్ల కొట్లాడుకునేటోళ్లో నీకు యాదికుందా? పొద్దంత తిట్టుకునేటోళ్లు. పొద్దుగూకంగ వంతు ముగిసినోడు తన గండి కట్టేసి, పార భుజాన ఏసుకొని, తూము కాన్నుంచి గట్టిగ పిలిచేటోడు, ‘ఓ అన్నా! నీళ్లు నీయే!’ అని. అవతలోడు ‘ఆఁ, నాయే!’ అనేటోడు. గా పిలుపు కాంగనే లొల్లి మొత్తం బందు. పిలవకుండ పోతే నీళ్లు అప్పజెప్పినట్టు కాదు, తీసుకున్నట్టు కాదు. పొయ్యి కాడున్న అవ్వకు సుత వినపడేది, ‘ఇగ బువ్వ పెట్టొచ్చు’ అనేది. ఊరు ఊరంత గా పిలుపు మీదనే నడిచింది కదరా. ఏ తుపాకి మీద నడిచింది?

వసంతకు నా మాటగ చెప్పు, చింతపండు పంపిస్త.

మీ అక్క
రేణుక


రాయకుంట
20 మార్చి 1966

అక్క పాదాలకు దండం. నువ్వు తిడితే నాకు బువ్వ తిన్నట్టు ఉంటది, గందుకే నిమ్మలంగ సదివిన.

ఇప్పుడు నేను సెప్పేది విను, విన్నంక అను. పోయిన వారం సెరుకు బండి కట్టుకొని ఫ్యాక్టరీకి పోతున్నం. వసంత సుత బండ్లనే ఉన్నది, బోధన్‌ల పన్ను పీకించుకుంటనని. తెల్లారి మంచు ఇంకా ఇడువలే. కాలువ వంతెన కాడ ముగ్గురు అడ్డమొచ్చిండ్రు. మన దిక్కోళ్లు కాదు. సేతుల గొడ్డండ్లు. ఒకడు ఎడ్ల పగ్గం పట్టిండు, ఇంకొకడు వసంత మెడ దిక్కు సూసుకుంట, ‘దిగు’ అన్నడు. భుజం మీదిది తీసి ఒళ్లె పెట్టుకున్న, గంతే. పేల్చలే, గురి పెట్టలే. పగ్గం ఇడిసిపెట్టి ఎటోళ్లటు పోయిండ్రు. వసంత బోధన్ దాంక పుస్తె పిడికిట్ల పట్టుకొనే కూసున్నది. ఇప్పుడు సెప్పు అక్కా, గది లేకుంటే నీ మరదలు మెడల పుస్తె ఉంటుండెనా? మేమిద్దరం ఉంటుంటిమా?

ఇంకొకటి. నీకు రాయొద్దనుకున్న గాని రాస్తున్న. నీళ్ల పిలుపు అన్నవు కదా. రాజలింగు ఇప్పుడు ఎట్ల పిలుస్తుండో నీకు తెల్వదు. ‘ఓ తుపాకి దొరా, నీళ్లు నీయే!’ అని పిలుస్తుండు, కూలోళ్లందరు కిసకిస నవ్వుతుండ్రు. రెండు మాట్ల ఓర్సుకున్న. మూడోసారి నాకు తిక్క లేసింది. ఆకాశం దిక్కు పెట్టి ఒకటి పేల్చిన. కొంగలన్నీ లేసినయి. రాజలింగు పార కింద పడేసి గట్టెమ్మటి ఉరికిండు. గా దినం సంది ఎవ్వడు పిలుస్తలేడు. వంతు ముగిస్తే సప్పుడు చెయ్యకుండ పోతుండ్రు, నా గండి నేనే తెరుసుకుంటున్న. మస్తు నిమ్మలంగున్నది.

నీ
సిద్దిరాములు


నిజామాబాద్
2 ఏప్రిల్ 1966

తమ్మీ,

వంతెన కాడి ముచ్చట చదివి దేవునికి దండం పెట్టిన. గా దినం తుపాకి ఉండుడు మంచిదే అయింది, కాదన. వసంతకు తాయెత్తు కట్టించి పంపిస్తున్న, ఎడమ చేతికి కట్టుకోమను.

గాని దొంగలకు చూపెట్టినదే దాయాదికి చూపెడితే ఎట్లరా? వాడు నవ్వులాటకు పిలిచిండు. నువ్వు సుత ‘ఏందిరా కూలోడా’ అంటే అయిపోవు. చిన్నప్పుడు వాడు నిన్ను ‘బొక్క ముక్కోడా’ అంటే నువ్వు వాణ్ని ‘గూని’ అనకపోయినవా? అప్పుడెవరు సచ్చిండ్రు?

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్న. మా పక్కింటి జలీల్ తెలుసు కదా, కలెక్టర్ కచేరిల అటెండరు. నిన్న వచ్చి, ‘ఆపా, మీ ఊరి రాజలింగు మా దఫ్తర్ల తుపాకి లైసెన్సుల గది ముంగట కాయితం పట్టుకొని నిలబడ్డడు, రెండు దినాల సంది వస్తుండు’ అన్నడు. చూసినవా? నువ్వు భుజాన ఏసుకున్నవు, ఇప్పుడు వాడు సుత ఏసుకుంటడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకటే గట్టు మీద రెండు తుపాకులు పెట్టుకొని తిరుగుతరా? నా మాట విని బోధన్ ఠాణాల జమ చెయ్యి. నువ్వు జమ చేస్తే వాడు సుత ఊకుంటడు. కోపం చేసుకోకు, భయపడి రాస్తున్న.

అక్క
రేణుక


రాయకుంట
9 ఏప్రిల్ 1966

అక్కకు దండం.

మంచిగ సెప్పినవు అక్కా. నువ్వు సెప్పకుంటే నేను మోసపోతుంటి. గందుకేనా వాడు గిన్ని దినాలు సప్పుడు చెయ్యక ఉన్నడు! వాడు తెచ్చుకునే యాళ్లకు నేను జమ చేసి ఉత్త సేతుల కూసోవాల్నా? నువ్వే ఆలోచించు. కల్లు దుకాణంల భీమన్న సుత ‘మా దినం వస్తది’ అన్నడట. ఏ దినమో ఇప్పుడు తెలిసింది.

మునుపు ఉత్త తుపాకే పట్టుకొని తిరిగేటోణ్ని, తోటాలు జేబుల ఉండేటియి. ఇప్పుడు ఒకటి అండ్లనే ఉంటున్నది. బువ్వ తినంగ సుత మోకాళ్ల మీదనే. గట్టు మీద ఎవడన్న కనపడితే ముందుగాల వాని భుజం దిక్కే సూస్తున్న. వాడు లేపే దాంక ఆగినోడు బతుకుతడా?

సెరుకు ఎండుతున్నది. కాలువల నీళ్లు సగమే ఇడుస్తుండ్రు. కూలోళ్లు నా సేన్లకు వస్తలేరు, పక్క సేన్లకు పోతుండ్రు. వసంత ఒక్కతే కలుపు తీస్తున్నది. ఎవరూ మాట్లాడుతలేరని పొద్దంత గొణుగుతది. నిన్న, ‘గా తుపాకినే పెండ్లి చేసుకుంటివి, నేనెందుకు, అవ్వగారింటికి పోత’ అన్నది. పొమ్మన్న. పోలే.

నాకు సుత మల్ల నిద్ర పడుతలేదు అక్కా. గది నీకు సెప్పాలె.

సిద్దిరాములు


నిజామాబాద్
16 ఏప్రిల్ 1966, శనివారం

తమ్మీ, నా బంగారు తమ్మీ,

నీకొక మంచి ముచ్చట. నీ కాళ్లు మొక్కుత, ఈ ఉత్తరం రెండు మాట్ల చదువు.

రాజలింగు ఇయ్యాల మా ఇంటికి వచ్చిండు. నేను తలుపు తియ్యకపోతుంటి. మీ బావ తీసిండు. గడపల కూసోని చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిండు. వాడు కచేరికి పోయింది తుపాకి కోసం కాదురా! నీ తుపాకి గుంజుకోమని దరఖాస్తు పెడదామని పోయిండట. రెండు దినాలు గది ముంగట నిలబడి, అన్న మీద కాయితం ఎట్ల ఇయ్యాలని ఇయ్యకుండనే మర్రొచ్చిండు. దరఖాస్తు నా ముంగటనే చింపి పొయ్యిల ఏసిండు. నేనే సగం విని నీకు ఆగమాగం రాసిన. నా బుద్ధి గడ్డి తిన్నది.

‘అక్కా, సేన్ల వంగి నీళ్లు కడుతుంటే నా ఈపు జలదరిస్తది, ఎప్పుడు పేలుతదో అని. సత్తవ్వ నన్ను సేనుకు పోనిస్తలేదు’ అన్నడు. సత్తవ్వ మంచిది, గాని మొగని మీద పాణం ఎక్కువ. నేను కడుపు నిండ బువ్వ పెట్టిన. తిన్నంక వాడే అన్నడు, ‘సిద్దన్న సెరుకు ఎండుతున్నది, సూడబుద్ధి అయితలేదు. సోమారం నా వంతు పొద్దుగూకే దాంక ఉన్నది. జర పొద్దుండంగనే గండి కట్టి ఆయనకు నీళ్లు ఇడిసిపెడుత. నేనే పోయి అప్పజెప్పుత’ అని. చూసినవా వాని మనసు!

‘మరి పిలవాల్నా అక్కా’ అని అడిగిండు. వద్దన్న. ‘పిలవకురా లింగం, పిలుపు వింటనే వాడు కస్సుమంటుండు. మెల్లగ పో. దగ్గరికి పోయినంక పార భుజం మీదికెళ్లి దించి కింద పెట్టు, నీ మనసుల ఏమున్నదో వానికే తెలుస్తది. గప్పుడు మాట్లాడు’ అని చెప్పిన. మంచిగ చెప్పిన కదా?

నువ్వు సుత వాడు రాంగనే లేచి నిలబడు. తుపాకి ఇంట్ల పెట్టి పో, ఒక్క దినం. ఇయ్యాలనే టపాల ఏస్తున్న, సోమారం పొద్దుగాలకే అందుతది.

అక్క రేణుక

మీ బావకు దగ్గు తగ్గింది. రుమాలు కట్టుకుంటుండు.


ఖిల్లా జైలు, నిజామాబాద్
4 మే 1966

అక్కకు,

మా ఊరికి టపా మంగళారం, శుక్రారమే వస్తది. నువ్వు పట్నం మనిషివైనవు, మర్సిపోయినవు. నీ ఉత్తరం మంగళారం వచ్చింది, పోలీసోళ్లు ఇంట్ల ఉండంగ. వసంత తీసుకొని కొంగుల దాసింది. ములాఖత్‌ల నాకు సదివి వినిపించింది. సగం సదివి ఆగింది, నేనే మిగతాది సదువుమన్న.

ఎట్లయిందో నీకు ఒక్కదానికే సెప్త. గట్టు మీద కూసున్న. పొద్దు పడమటికి దిగుతున్నది. సెరుకు మడి మలుపుల కెళ్లి మనిషి వచ్చిండు. పొద్దు వాని ఎనక ఉన్నది, ముఖం నల్లగ ఉన్నది. భుజాన పొడుగుది. పిలుపు లేదు, సప్పుడు లేదు. నేను ‘ఎవడ్రా’ అన్న. వాడు ఏం అనలే. దగ్గరికొచ్చి భుజం మీదిది దించబోయిండు.

ఆ తర్వాత పోయి సూస్తే పార. దాని నిండ పచ్చి మన్ను, గండి కట్టిన మన్ను. నా కాలువల నీళ్లు వస్తనే ఉన్నయి అక్కా. నేను వాని నెత్తి ఒళ్లె పెట్టుకొని కూసున్న. పొద్దుగూకే యాళ్లకు వాని పాణం పోయింది.

ఇప్పుడు పని సంగతి. వకీలు అంటుండు, నీ ఏప్రిల్ రెండు నాటి ఉత్తరం కోర్టుల పెడితే బతుకుత అని. రాజలింగు తుపాకి కోసం తిరుగుతుండని నువ్వే రాసినవు, గా భయంతోని పాణం కాపాడుకోబోయి పేల్చిండు అని సెప్తడట. నువ్వొచ్చి ‘అవును, నేనే రాసిన’ అంటే సాలు. మంగళారం వచ్చిన ఉత్తరం పొయ్యిల పెట్టుమని వసంతకు సెప్పిన. ఉరి పడుతదో, యావజ్జీవం పడుతదో అని వకీలు బెదిరిస్తుండు. అక్కా, నువ్వు అబద్ధం ఆడేది లేదు. ఒకటి సెప్పి ఒకటి ఇడిసిపెట్టు, గంతే.

నన్ను సాకింది నువ్వే. ఇప్పుడు సుత నువ్వే.

సిద్దిరాములు


నిజామాబాద్
20 మే 1966

తమ్మీ,

మా మిద్దె ఎక్కితే నీ జైలు గోడ కనపడ్తది. నడిచి వస్తే బీడీ కాలేంత సేపు పట్టదు. అయినా ఉత్తరమే రాస్తున్న. నీ ముఖం చూస్తే నేను ఈ మాట చెప్పలేను.

వసంత గా ఉత్తరం కాల్చలే. ‘వదినా, నా చేతులు రాలేదు’ అని తెచ్చి నాకే ఇచ్చింది.

నేను రాయకుంటకు పోయొచ్చిన. సత్తవ్వ నన్ను తిట్టలే, కొట్టలే. ఒకటే అడిగింది, ‘ఆయన పిలవకుండ ఎట్ల పోయిండు రేణుకక్కా? పుట్టిన కాన్నుంచి పిలవకుండ ఒక్కనాడు పోలే. పిలిస్తే సిద్దన్న గుర్తు పట్టకపోవునా?’ అని. నేనేం చెప్పాలె? పిలవకు అన్నది నేనే. పార దించు అన్నది నేనే. వాడు తుపాకి తెస్తుండని నీకు రాసింది నేనే. ఇంట్ల కూసోని ఇద్దరి మంచి కోరిన, ఇద్దర్నీ గట్టు మీద ఒకరి ముంగట ఒకర్ని నిలబెట్టిన. సత్తవ్వ కాళ్ల మీద పడి ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆమె లేచి ఇంట్లకు పోయి తలుపేసుకున్నది.

సిద్దిరాములూ, నేను కోర్టుకు వస్త. ఏప్రిల్ రెండు నాటి ఉత్తరం నేనే రాసిన అంట, నువ్వు నిజంగ భయపడ్డవు అని సుత చెప్త. అది నిజమే. గాని మంగళారం అందినది ఇడిసిపెట్ట. ఇడిసిపెడితే రాజలింగు తుపాకి పట్టుకొని నీ మీదికొచ్చినోడు అయితడు. నీళ్లు ఇయ్యనొచ్చినోణ్ని చంపినం, ఇగ వాని పేరు సుత చంపుదామా?

నువ్వు నా మీద మన్ను పోయి, మాట్లాడకు. నా తమ్మునివి నువ్వు.

రేణుక


నిజామాబాద్
11 జనవరి 1967

తమ్మీ సిద్దిరాములుకు,

నీకు శిక్ష పడ్డ కాన్నుంచి ఇది నా నాలుగో ఉత్తరం. ములాఖత్‌కు వస్తే ‘రానని చెప్పు’ అని జవాను తోని చెప్పిస్తున్నవట. సరే. ఏడేండ్లు మాట్లాడకు, నేను ఏడేండ్లు రాస్త. జడ్జి ఉరి ఎయ్యలే, గదే నాకు సాలు.

వసంత క్షేమం రాస్తున్న. ధైర్యం గల్లది. సెరుకు నరికించింది, ఫ్యాక్టరీకి తనే తోలింది. మల్ల నాటు పెట్టింది. నీళ్ల వంతుకు సుత పొద్దుగూకంగ తనే పోతున్నది, చీర దోపుకొని, పార భుజాన ఏసుకొని, మొగోని లెక్క. చూస్తే నువ్వు నవ్వుతువు.

రాజలింగు సేను ఇప్పుడు భీమన్న చేస్తుండు. వాని వంతు తర్వాత మన వంతు. వాడు వసంతతోని మాట్లాడడు, వసంత వానితోని మాట్లాడది. ఎవరి నీళ్లు వాళ్లు తెరుసుకుంటుండ్రు.

జలీల్ నిన్న ఒక మాట చెప్పిండు. ఈసారి రెండు మాట్ల అడిగి, కాయితం చూసినవా అని అడిగి, గప్పుడు రాస్తున్న. భీమన్నకు లైసెన్సు వచ్చింది. అప్పుడే భుజాన ఏసుకొని తిరుగుతుండట. పంట కాపలాకు, అడవి పందుల కోసం అని కాయితంల రాసుకున్నడు.

చలి ఎక్కువున్నది. గొంగడి పంపిస్తున్న, ఇదన్న మర్రేయకు.

అక్క
రేణుక


ఖిల్లా జైలు
13 జనవరి 1967

అక్కా,

నీ మీద కోపం ఇప్పుడు లేదు. ఉన్నా, దానికి టైం లేదు. ఇది అందంగనే రాయకుంటకు పో. టపాల రాయకు, మా ఊరి టపా నీకు తెలుసు. బస్సు ఎక్కి పో.

వసంతను పొద్దుగూకినంక గట్టుకు పోవద్దను. నీళ్లు పోతే పోనియ్యి, సెరుకు ఎండితే ఎండనియ్యి. వినకపోతే, పోతనే అంటే, పార భుజాన ఏసుకోవద్దను. నీ కాళ్లు మొక్కుత అక్కా, భుజాన ఒద్దు. సేత పట్టుకొమ్మను, కిందికి పట్టుకొమ్మను, మన్నుకు ఆనేటట్టు. పొద్దు ఎనక పెట్టుకొని పోవద్దను. ఎవడన్న ‘ఎవరు’ అంటే నిలబడిపొమ్మను, సేతులు కదపొద్దను.

ఎదుటోడు లేపే దాంక భీమన్న ఆగడు. నేను ఆగిన్నా?

ఇంకొకటి, ఇది అన్నిట్ల ముఖ్యం. తూము కాన్నుంచే పిలువుమను. ‘భీమన్నా, నేను వసంతను, నీళ్లు నాయేనా’ అని. వాడు పలుకకపోయినా పిలువుమను. ఊరంత నవ్వినా పిలువుమను. వాడు తిట్టినా సరే, పిలుసుకుంట, పిలుసుకుంటనే పొమ్మను.

సిద్దిరాములు